హవాయి అడవులలో పక్షి మలేరియా

పసిఫిక్ మహాసముద్రం నడుమ, ఏ ఖండానికీ దగ్గరగా లేని హవాయి దీవులలో పంతొమ్మిదవ శతాబ్దం దాకా దోమ అన్నదే లేకపోవడంతో, ఒకే మూలం నుంచి యాభైకి పైగా జాతులుగా విస్తరించిన హనీక్రీపర్ పక్షులకు దోమకాటు రోగాలను ఎదుర్కొనే అవసరమే రాలేదు. 1826లో వెల్లింగ్టన్ అనే ఓడ మౌయి దీవిలోని లహైనా రేవుకు వచ్చినప్పుడు, దాని నీటి పీపాలలోని దోమ లార్వాలు ఒడ్డుకు చేరాయని చెబుతారు. తెలుగునాట మురుగుకాలువలలో పెరిగే క్యూలెక్స్ దోమ జాతే అది. తరువాత విదేశాల నుంచి తెచ్చిన పక్షులతో మలేరియా క్రిమి కూడా వచ్చింది. సికింద్రాబాదులో 1897లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న రొనాల్డ్ రాస్, మరుసటి ఏడు కలకత్తాలో, పక్షి మలేరియా దోమకాటు ద్వారానే పక్షి నుంచి పక్షికి సోకుతుందని నిరూపించాడు. ఆ పరీక్షలలోని దోమ జాతీ, క్రిమి జాతీ హవాయి అడవులను ఖాళీ చేసినవే.

ఈ క్రిమి ఎర్రరక్తకణాలలో చేరి, పెరిగి, వాటిని చీల్చుకొని బయటపడుతుంది కనుక, రోగం సోకిన పక్షి రక్తహీనతతో నీరసించి, మేత మాని, రోజురోజుకూ బరువు తగ్గిపోతుంది. హవాయి దొరల ఉత్తరీయాలకు ఎర్రని ఈకలనిచ్చిన ఇఈవీ పక్షులలో, ప్రయోగశాలలో ఒక్క కాటుకే పదింట తొమ్మిది చనిపోయాయి. చలి ఎక్కువైన చోట దోమ ఒంటిలో క్రిమి ఎదగలేదు కాబట్టి, దాదాపు 1,500 మీటర్లకు పైనున్న కొండ అడవులే వీటికి ఆశ్రయమయ్యాయి.

ఇటువంటి స్థితిలో హవాయి పెద్ద దీవిలోని పల్లపు అడవులలో, దోమల మధ్యనే, అమాకిహి అనే చిన్న పసుపుపచ్చ హనీక్రీపర్ మళ్లీ విరివిగా కనిపించడం అపూర్వ విషయం. 2005లో వెలువడిన పరిశోధన ప్రకారం, అక్కడి పక్షులలో సగానికి పైగా మలేరియా సోకినవే. అవి కొండల నుంచి దిగివచ్చినవి కావనీ, పల్లంలోనే బతికి బట్టకట్టినవాటి సంతతి అనీ జన్యుపరీక్షలు సూచించాయి. అయితే వీటిది క్రిమిని నిర్మూలించే నిరోధం కాదు. క్రిమి ఒంటిలో ఉండగానే ప్రాణం నిలుపుకొనే సహనశక్తి. అందువల్లనే బతికిన అమాకిహి రక్తం దోమలకు క్రిమిని అందిస్తూనే ఉండి, ఇఈవీ వంటి పక్షులకు ముప్పును కొనసాగిస్తుంది.

లెక్కలేనన్ని పక్షులు చచ్చిన తరువాతగాని ఈ శక్తి వంశంలో స్థిరపడలేదు. సంఖ్య క్షీణించిన జాతులకు అంత మూల్యం చెల్లించే స్తోమత లేదు. వాతావరణం వేడెక్కి దోమలు కొండలెక్కుతున్నందున, జతకట్టినా గుడ్ల నుంచి లార్వాలు రాకుండా చేసే వోల్బాకియా బాక్టీరియా గల మగదోమలను 2023లో మౌయి అడవులలో వదలడం మొదలుపెట్టారు.