మోసే తల్లి కడుపు చల్లగా

పడమటి కనుమల పాదాన ఉన్న రాజపాళయంలో ఇంట తెలుగు, వీధిలో తమిళం. ఆవు చూడి కట్టిందా అన్న ఆత్రం మాత్రం ఏ భాషలోనైనా ఒకటే. పిండ మార్పిడి చేయించిన ఆవైతే ఆ ఆత్రం రెట్టింపు. ఈ విద్య నడిచిన దారంతా వెనుదిరిగి చూస్తే, గెలిపించింది ఎక్కువగా మోసిన తల్లేనని తెలుస్తుంది.

1890లో ఇంగ్లండులో వాల్టర్ హీప్ రెండు అంగోరా కుందేలు పిండాలను మరో జాతి కుందేలు గర్భంలో పెట్టాడు. ఈనిన ఆరు పిల్లల్లో రెండు అంగోరావే. మోసిన కడుపు జాతిని మార్చదని ఆనాడే తేలింది. 1951లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఇలా తొలి దూడ పుట్టింది. 1972లో కేంబ్రిడ్జిలో రోసన్ బృందం అసలు కిటుకు పట్టింది: పిండం ఇచ్చే దాత ఆవు, దాన్ని మోసే గ్రహీత ఆవు ఒకే రోజు ఎదకు రావాలి. ఒక రోజు అటూ ఇటూ అయినా ఫరవాలేదు, అంతకు మించితే చూలు నిలవడం కష్టం. మరుసటి ఏడే, గడ్డకట్టించి దాచిన పిండం నుంచి ఫ్రాస్టీ అనే దూడ పుట్టింది.

మన దేశంలో 1987లో జాతీయ పాడి అభివృద్ధి బోర్డు గుజరాత్‌లోని బిడజ్‌లో ఈ పని చేపట్టింది. గుంటూరు దగ్గర లాం ఫారం ఒంగోలు, పుంగనూరు జాతుల కోసం దీన్ని అందిపుచ్చుకుంది. ఒంగోలు సంతతి బ్రెజిల్‌లో నెలోర్‌గా వెలిగితే, అక్కడ దాన్ని విస్తరింపజేసిన సాధనాల్లో ఇదీ ఒకటి.

పిండం మార్చే రోజున డాక్టరు ముందుగా చెయ్యి పెట్టి అండాశయాన్ని తడుముతాడు. కార్పస్ లూటియం గట్టిగా తగిలితేనే గడ్డకట్టిన పిండం ఉన్న స్ట్రాను గోరువెచ్చని నీళ్లలో కరిగిస్తాడు. కార్పస్ లూటియం ఉన్న వైపు గర్భాశయ కొమ్ములోనే ఏడు రోజుల పిండాన్ని వదలాలి. కార్పస్ లూటియం నుంచి వచ్చే ప్రొజెస్టెరాన్ హార్మోనే పిండానికి ఆసరా. పదహారో రోజు ప్రాంతంలో పిండం తన ఉనికిని తల్లికి తెలపాలి. లేకుంటే ఆవు తిరగపొర్లుతుంది. తాజా పిండాలు బాగుంటే నూటికి అరవై దాకా నిలుస్తాయి. గడ్డకట్టినవి కొంత తక్కువ, ప్రయోగశాలలో ఫలదీకరించినవి ఇంకా తక్కువ.

ఎండ మరో పరీక్ష. తొలి రెండు రోజుల పిండం వేడికి ఇట్టే చస్తుంది, ఏడు రోజులది కొంత ఓర్చుకుంటుంది. అందుకే మండువేసవిలో కృత్రిమ గర్భధారణ తప్పిన చోటా ఇది ఫలించగలదు. కానీ ఎముకలు తేలిన ఆవులో ఎంత మేలిజాతి పిండమైనా నిలవడం కష్టం.

దాత పేరు రికార్డుకెక్కుతుంది, మోసిన ఆవును ఎవరూ తలవరు. ఖరీదైన పిండం కొనేముందు దాన్ని మోయబోయే ఆవుకు కొన్ని నెలల పాటు పచ్చిమేత, ఖనిజ మిశ్రమం, నీడ ఇవ్వండి. రాత్రిపూట వచ్చే మూగఎదను లేచి కనిపెట్టండి. దూడ దక్కేది అక్కడే.