వినుకొండ తాలూకా – చరిత్ర, జనాభా, రాజకీయాలు: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
గుంటూరు జిల్లా చరిత్ర అనగానే కృష్ణా డెల్టా వరిచేలు, పొగాకు, మిరప వాణిజ్యం స్ఫురిస్తాయి. ఆ జిల్లాకు పడమటి అంచున ఉండిన వినుకొండ తాలూకా మాత్రం వర్షాధారమైన మెట్ట ప్రాంతం. జిల్లా సగటు లెక్కలలో ఈ వ్యత్యాసం మరుగునపడుతుంది. ఈ తాలూకా జనజీవనాన్ని, రాజకీయాన్ని పాలకులు గీసిన సరిహద్దులకంటె నీటి లభ్యతే ఎక్కువగా ప్రభావితం చేసిందని ప్రతిపాదించడం ఈ వ్యాస ఉద్దేశం.

మారిన సరిహద్దులు:
1515లో శ్రీకృష్ణదేవరాయలు గజపతులపై దండెత్తి, కొండవీడుతో పాటు అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ దుర్గాలను జయించాడు. 1788లో గుంటూరు సర్కారు ఈస్టిండియా కంపెనీ వశమైంది. జమీందారీల కాలంలో వినుకొండ నరసరావుపేట మల్రాజు వంశీయుల అధీనంలో ఉండేది. 1859లో కృష్ణా జిల్లాలోను, 1904లో నూతన గుంటూరు జిల్లాలోను ఈ ప్రాంతం చేరింది. 1985లో మండల వ్యవస్థ రావడంతో తాలూకా రద్దయింది. 2022 ఏప్రిల్ 4న వినుకొండ పల్నాడు జిల్లాలో భాగమైంది.

కరువు – జనాభా:
1832–33 నాటి నందన కరువులో గుంటూరు ప్రాంతంలో లక్షన్నరకు మించి ప్రజలు మరణించారని అంచనా. 1876–78 కరువు మరొక మలుపు. కరువు తీరుతున్న వేళ, 1878 జూలై 3న గుండ్లకమ్మ తీరాన వేలంపల్లి వద్ద అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. వారిలో అత్యధికులు మాదిగలు. తరువాత వినుకొండలోనూ మిషన్ కేంద్రం ఏర్పడింది. క్రైస్తవం దళితులకు అక్షరాన్ని చేరువ చేసిందేగాని కులవివక్షను తొలగించలేకపోయింది. 1895లో వినుకొండలో జన్మించిన గుర్రం జాషువ జీవితం, 1941 నాటి ఆయన 'గబ్బిలం' కావ్యం ఇందుకు సాక్ష్యాలు.

ఓటు – నీరు:
1952, 1962 ఎన్నికలలో వినుకొండ కమ్యూనిస్టు నాయకుడు పులుపుల వెంకటశివయ్యను శాసనసభకు పంపింది. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీరు విడుదలైంది. ఆ సంవత్సరమే కాంగ్రెసు అభ్యర్థి భవనం జయప్రద గెలుపొందారు. ఈ రెండింటికీ కార్యకారణ సంబంధం కల్పించడం తొందరపాటు. కాలువ ఫలితం పొలాలకు చేరడానికి ఏళ్లు పట్టింది. 1983లో తెలుగుదేశం ప్రభంజనం వీచినా ఇక్కడ సి.పి.ఐ. అభ్యర్థి గంగినేని వెంకటేశ్వరరావు నెగ్గారు. 1994లో స్వతంత్ర అభ్యర్థి వీరపనేని యల్లమందరావు విజయం సాధించారు. రాష్ట్రవ్యాప్త పవనాలకు వినుకొండ ఓటరు ప్రతిసారీ తలవంచలేదనడానికి ఈ రెండు ఫలితాలు నిదర్శనాలు.

ముగింపు:
కాలువ వచ్చినా నీటి సమస్య ముగియలేదు. తాలూకా లోపలే కొత్త అంతరం ఏర్పడింది. కాలువ కింది గ్రామాలు మాగాణి అయ్యాయి. లంబాడా తండాలున్న బొల్లాపల్లి మండలపు ఎగువ భూములు మెట్టగానే మిగిలాయి. ఆ భూములకూ నీరందించవలసిన వరికపూడిశెల ఎత్తిపోతల పథకానికి 2023 నవంబరులో కూడా శంకుస్థాపన జరిగింది. డెల్టా మండలాలు విడిపోయిన పల్నాడు జిల్లాలో మెట్ట సమస్య ఇక పూర్తిగా మరుగునపడదు. అయితే కాలువకు దిగువ, ఎగువ గ్రామాలను కలిపి లెక్కగట్టే కొత్త సగటు పాత సగటు చేసిన పొరపాటునే చేయగలదు. అందువల్ల ప్రాంతీయ చరిత్ర పరిశోధన జిల్లా స్థాయివద్ద ఆగక, గ్రామం వరకు, దాని నీటివనరు వరకు సాగవలసి ఉంది.