హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల పందెం

2022–23 ఫార్ములా-ఈ సీజన్ జనవరి 14న మెక్సికో నగరంలో మొదలై జులైలో లండన్‌లో ముగిసింది. మొత్తం 16 పందేల ఆ సీజన్‌లో నాలుగోది 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో జరిగింది. 2013లో గ్రేటర్ నోయిడాలో జరిగిన ఫార్ములా-1 తర్వాత మన దేశానికి వచ్చిన ప్రపంచస్థాయి కార్ల పోటీ ఇదే. ఇక్కడి వీధుల్లో పెట్రోలు చుక్క లేకుండా నడిచే కార్లు పరుగెత్తడం చిన్న సంగతి కాదు.

ఇందుకోసం ప్రత్యేకంగా మైదానమేదీ కట్టలేదు. నెక్లెస్ రోడ్డు, సచివాలయం, లుంబినీ పార్కు పరిసరాల్లో జనం రోజూ తిరిగే వీధులకే కాంక్రీటు గోడలు, ఇనుప కంచెలు బిగించి, సుమారు 2.83 కిలోమీటర్ల బాట తయారుచేశారు. 2022 నవంబరులో ఇండియన్ రేసింగ్ లీగ్ ఇక్కడే మొదలైనా, ప్రమాదాలతో, ఆలస్యాలతో ఆ వారం పందేలు ఆగిపోయాయి. ఆ అనుభవం తర్వాత ఫిబ్రవరి పోటీ సజావుగా సాగడం నిజంగా మెచ్చుకోదగినది.

ఆ పందెంలో ముందు వరుసలో మొదటి స్థానం మిచ్ ఎవాన్స్‌దే. అయితే అతని కారును సొంత జట్టువాడైన శామ్ బర్డ్ ఢీకొట్టడంతో వాళ్ల జాగ్వార్ జట్టు ఆశలు ఆవిరయ్యాయి. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ బ్యాటరీని పొదుపుగా వాడుతూ, వెనకే తరిమిన నిక్ కాసిడీకి దారివ్వకుండా గెలిచాడు. మూడోవాడిగా గీత దాటిన డ్రైవర్ బుయెమీకి శిక్ష పడి, ఆ స్థానం మరో డ్రైవర్ డ కోస్టాకు దక్కింది. మొత్తం సీజన్ కిరీటం మాత్రం జేక్ డెన్నిస్‌ది.

హైదరాబాద్‌లో మళ్లీ జరగాల్సిన 2024 ఫిబ్రవరి పోటీ మాత్రం జనవరిలోనే రద్దయింది.