మొక్కల పాలతో ఇంటి కాఫీ నురగ

సోయా, ఓట్స్, బాదం, కొబ్బరి వంటి వాటి నుంచి తీసిన పాలను ఇంట్లోనే వేడిచేసి, గాలి పట్టించి, సన్నని నురగగా మార్చి కాఫీలో కలుపుకునే పద్ధతి ఇది. పాలలోకి ఆవిరి పంపే గొట్టం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇటలీలో వాడుకలోకి వచ్చింది. బాదంపాలు అంతకు అయిదు వందల ఏళ్ల ముందే యూరప్ వంటిళ్లలో ఉన్నాయి. అయినా ఈ రెండూ ఒకే కప్పులో నిలకడగా కుదరడానికి 2010ల దాకా పట్టింది. యంత్రాలు లేక కాదు, చాలా మొక్కల పాలలో నురగను నిలబెట్టే సత్తువ చాలక. కాబట్టి ఈ చరిత్రలో పెద్ద భాగం పాలను మార్చుకోవడం గురించే.

నురగ నిలిచే తీరు

పాలలోకి గాలి చొరబడినప్పుడు ప్రతి బుడగ చుట్టూ ప్రొటీన్లు చేరి పలుచని పొర కడతాయి. పొర గట్టిదైతే బుడగ నిలుస్తుంది. బలహీనమైనదైతే బుడగలు ఒకదానిలో ఒకటి కలిసి పెద్దవై పగిలిపోతాయి. ఆవుపాలలో ప్రొటీన్ సుమారు 3.3 శాతం, అందులోని కేసీన్, వే ప్రొటీన్లు రెండూ ఈ పనికి బాగా కుదురుతాయి. సోయా పాలలో 3 శాతం దాకా ఉంటుంది. ఓట్స్ పాలలో 1 శాతం, అంగడిలో దొరికే చాలా బాదంపాలలో అంతకన్నా తక్కువ. బాదంపాల నురగ చూస్తుండగానే కుంగిపోవడానికి మొదటి కారణం ఇదే. ప్రొటీన్ చాలనిచోట జెల్లన్ గమ్ వంటివి చేర్చి పాలను చిక్కబరుస్తారు. అప్పుడు బుడగల మధ్యనుంచి నీరు త్వరగా కిందికి జారదు.

రెండో చిక్కు పాలు విరగడం. కాఫీలో సహజంగానే కొంత పులుపు ఉంటుంది. దాని పీహెచ్ 5 దగ్గర. సోయా ప్రొటీన్లు పీహెచ్ 4.5 దగ్గరికి వచ్చేసరికి కరిగి ఉండలేక ముద్దకడతాయి. వేడి తోడైతే ఇంకా త్వరగా విరుగుతాయి. క్యాల్షియం కలిపిన సోయా పాలైతే మరీ తేలిగ్గా. లేత వేపుడు గింజల కాఫీలో పులుపు ఎక్కువ కాబట్టి విరిగే అవకాశమూ ఎక్కువే.

ఆవిరి గొట్టం నుంచి చేతి పనిముట్టు దాకా

1884లో ట్యూరిన్‌కు చెందిన ఏంజెలో మొరియోండో ఆవిరితో కాఫీ తీసే యంత్రానికి పేటెంటు పొందాడు. 1901లో మిలాన్ వాసి లుయీజీ బెజ్జెరా కప్పుకు కప్పు విడిగా కాఫీ తీసే యంత్రాన్ని రూపొందించాడు. ఆ యంత్రం హక్కులు డెజిడేరియో పావోనీ కొన్నాడు. బాయిలర్‌లో మిగిలిన ఆవిరిని గొట్టం ద్వారా పాలలోకి వదలడం ఆ తరం యంత్రాలతో మొదలైన పని. లా పావోనీ సంస్థ 1960ల మొదట్లో ‘యూరోపిక్కొలా’ అనే చిన్న లివర్ యంత్రం తెచ్చింది. దానితో ఆవిరి గొట్టం హోటల్ బల్ల దిగి ఇంట్లోకి వచ్చింది. సియాటిల్‌లో ‘ఎస్ప్రెస్సో వివాచె’ నడిపిన డేవిడ్ షోమర్ 1980ల చివరి నుంచి సన్నని నురగను, దానితో కప్పు మీద ఆకులు, హృదయాలు వేసే విద్యను ప్రాచుర్యంలోకి తెచ్చాడు. ఆ తరువాత నురగంటే పైన తేలే మందపాటి పొర కాదు, పాలంతా కలిసిపోయి జాలువారే నునుపు అనే అంచనా స్థిరపడింది. మొక్కల పాలకు కష్టమైన పరీక్ష అదే.

ఆవిరి యంత్రం లేని ఇళ్లలో ఫ్రెంచ్ ప్రెస్ గాజు పాత్రలో వేడిపాలు పోసి జల్లెడను పైకీ కిందికీ ఆడించేవారు. బ్యాటరీతో గిర్రున తిరిగే చిన్న కమ్మీ మన కవ్వంలాగే పనిచేస్తుంది. నెస్ప్రెస్సో 2000ల్లో తెచ్చిన ‘ఏరోచినో’ వంటి విద్యుత్ పాత్రలు పాలను వేడిచేస్తూనే చిలుకుతాయి. వీటిలో ఏదైనా సరే, ఆవుపాలకు సరిపోయినంత మాత్రాన మొక్కల పాలకు సరిపోదు.

మొక్కల పాలు

పధ్నాలుగో శతాబ్దం చివర ఇంగ్లండు రాజు రెండో రిచర్డ్ వంటవాళ్లు కూర్చిన ‘ఫార్మ్ ఆఫ్ క్యూరీ’లో బాదంపాలు తరచూ కనిపిస్తాయి. క్రైస్తవ ఉపవాస దినాల్లో పశువుల పాలు నిషిద్ధం కావడం ఇందుకు ఒక కారణం. సోయా పాలకు పుట్టిల్లు చైనా. లీ షీజెంగ్ అనే చైనా విద్యావేత్త 1910 ప్రాంతంలో పారిస్ శివార్లలోని కొలోంబ్‌లో సోయా పదార్థాల కర్మాగారం పెట్టాడు. హాంకాంగ్‌లో లో క్వీ సాంగ్ 1940లో ‘వీటాసోయ్’ ప్రారంభించాడు. పోషకాహారం అందని వారికి చవకగా ప్రొటీన్ ఇవ్వాలన్నది ఆయన ఉద్దేశం. మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ వేరుశనగ ప్రొటీన్‌ను గేదెపాలకు చేర్చి ‘మిల్టోన్’ తయారుచేసిందీ ఆకలిని, పాల కొరతను దృష్టిలో పెట్టుకునే. ఈ ప్రయత్నాలన్నిటిలో కాఫీ ప్రసక్తి లేదు. నురగ ఎవరికీ అక్కర్లేదు.

నిజానికి సోయాకు నురగ కొరత ఏనాడూ లేదు. నానబెట్టి రుబ్బిన సోయా పాలు కాగేటప్పుడు పొంగి పొయ్యి మీద పడతాయి. టోఫు తయారీదారులు ఆ పొంగును అణచడానికి ప్రత్యేకంగా పదార్థాలు కలుపుతారు. వాళ్లు వదిలించుకోవాలని చూసిన గుణమే కాఫీవాళ్లకు వరమైంది. స్టార్‌బక్స్ 1997లో అమెరికాలో సోయా పాలు ప్రవేశపెట్టింది. విరగకుండా ఉండేందుకు తయారీదారులు డైపొటాషియం ఫాస్ఫేట్ వంటి ఆమ్లతను అదుపుచేసే లవణాలు చేర్చడం నేర్చుకున్నారు.

ఓట్స్ మలుపు

స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం ఈ కథలో కీలకమైన చోటు. పాలలోని లాక్టోజ్ అనే చక్కెర కొందరికి అరగకపోవడానికి ఒక ఎంజైమ్ లోపం కారణమని 1960ల్లో చూపిన ఆర్నె డాల్‌క్విస్ట్ అక్కడివాడే. అదే విశ్వవిద్యాలయంలో ఆహార శాస్త్రవేత్త రికార్డ్ ఎస్టె 1990ల మొదట్లో ఓట్స్‌ను ఎంజైములతో పాలలాంటి ద్రవంగా మార్చాడు. ఆ పని ‘ఓట్లీ’ సంస్థకు పునాది. ఎంజైములు పిండి పదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా విడగొడతాయి. దానితో చక్కెర వేయకుండానే తీపి వస్తుంది. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ చిక్కదనం ఇస్తుంది.

ఇంట్లో ఓట్స్ పాలు చేసుకునేవారు నిరాశపడేది సరిగ్గా ఇక్కడే. మిక్సీలో తిప్పి వడకట్టిన ఓట్స్ నీళ్లలో పిండి అలాగే ఉంటుంది. వేడెక్కేసరికి అది ఉబ్బి జావ అవుతుంది, జిగురు సాగుతుంది. ఎంత మంచి యంత్రంతో చిలికినా ఫలితం మారదు. లోపం చేతిలో కాదు, ఎంజైమ్ లేకపోవడంలో ఉంది.

కాఫీ కోసమే తయారైన ‘బరిస్టా’ రకం 2010ల్లో విస్తరించింది. అందులో రేప్‌సీడ్ నూనె పాల కొవ్వులాంటి నిండుదనం ఇస్తుంది, ఫాస్ఫేట్ విరగకుండా కాపాడుతుంది. 2016లో అమెరికాకు వెళ్లిన ఓట్లీ కిరాణా దుకాణాలకన్నా ముందు పేరున్న కాఫీ షాపుల తలుపు తట్టింది. అక్కడ రుచి చూసినవారు ఇంటికీ అదే అడిగారు. 2018లో సరుకు చాలక కరువు వచ్చింది. 2020 లాక్‌డౌన్లలో కాఫీ తయారీ ఇళ్లకు మళ్లాక ఇంటి నురగ మరింత మందికి అలవాటైంది.

ఇంటి పద్ధతులు

ఆవుపాలను 60–65 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేయడం వాడుక. మొక్కల పాలను 60 దాటకముందే ఆపడం మంచిది. వేడి పెరిగేకొద్దీ విరిగే భయం, ఉడుకు వాసన పెరుగుతాయి. డబ్బాను ముందు బాగా కుదపాలి, లేదంటే చిక్కదనమంతా అడుగునే ఉండిపోతుంది. గాలి మొదటి కొన్ని సెకన్లలోనే పట్టించి, మిగతా సమయమంతా తిప్పుతూ కలిపితే బుడగలు సన్నబడతాయి. ఇంట్లో తీసినవాటిలో బాగా కాచి వడకట్టిన సోయా పాలే నమ్మదగినవి. కొబ్బరిపాలలో కొవ్వు ఎక్కువ, ప్రొటీన్ తక్కువ కావడంతో రుచి వస్తుంది గాని నురగ నిలవదు.

తెలుగు, తమిళ, కన్నడ ఇళ్లలో గ్లాసు, దబరా మధ్య ఎత్తునుంచి తిరగబోసి కాఫీకి నురగ తెప్పించడం ఏ యంత్రమూ అడగని పాత పద్ధతి. అందులో కాఫీ, పాలు కలిశాకే గాలి పడుతుంది. అందువల్ల మొక్కల పాలతో ఈ పద్ధతి పాటించేవారికి విరగకపోవడమే ముఖ్యం. ముదురుగా వేయించిన, రోబస్టా కలిసిన పొడితో తీసిన డికాక్షన్‌లో పులుపు తక్కువ గనుక సోయా పాలు చాలావరకు నిలుస్తాయి. అరకు అరబికాను లేత వేపుడులో తాగేవారు మాత్రం బరిస్టా రకం ఓట్స్ పాలు ఎంచుకోవడం మేలు. పాలను విడిగా వెచ్చబెట్టి, అందులోకి డికాక్షన్‌ను కొద్దికొద్దిగా పోస్తూ కలిపితే పులుపు ఒక్కసారిగా తగలదు.