సంభావ్యతకు సరియైన మాట

1951 మార్చిలో అమెరికా కేంద్ర గూఢచారి సంస్థ ఒక అంచనా వెలువరించినది. ఆ యేడు యుగోస్లావియాపై దాడి ‘సీరియస్ పాసిబిలిటీ’ అని అందులోని మాట. దాని అర్థమేమని ఒక అధికారి అడుగగా, జరుగుటకు నూటికి 65 పాళ్లు అవకాశమని షెర్మన్ కెంట్ బదులు చెప్పినాడు. అడిగినవాడు నివ్వెరపోయినాడు, అతడు ఎంతో తక్కువ అనుకొనియున్నాడు. కెంట్ తన సహచరులనే విచారింపగా, 80 అన్నవారును 20 అన్నవారును కనబడిరి. అందరును ఒకే మాటకు సమ్మతించిరి గాని, ఒకే అర్థమునకు కాదు! ఆ యేడు దాడి జరుగనేలేదు.

1964 నాటి వ్యాసమున కెంట్, ‘ప్రాబబుల్’ అనగా నూటికి సుమారు 75, ‘ఆల్మోస్ట్ సర్టెన్’ అనగా సుమారు 93 అని నిర్ణయింపజూచినాడు. ‘పాసిబుల్’కు మాత్రము అంకె లేదు; దానికి విశేషణము తగిలింపరాదన్నాడు.

కనుక ఆంగ్లమున ‘ఈజ్ ఇట్ పాసిబుల్?’ అన్నచో సాధ్యమా అని మాత్రమే అడిగినట్లు. ఎంతవరకు జరుగునో తెలియవలెనన్న ‘హౌ లైక్లీ ఈజ్ ఇట్?’ అనవలెను.