జిమ్మీ గదిలోకి వచ్చిన ఆటగాళ్ళు

భీమవరంలో మందుల షాపు నడిపిన రోజుల్లో మెథోట్రెక్సేట్ చీటీ వస్తే చాలు, మా ఊరివాడైన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొచ్చేవారు. ఆ మందుకు అక్కలాంటిది అమినోప్టెరిన్. అమెరికాలో పెర్ల్ రివర్‌లోని లెడర్లీ కంపెనీలో సుబ్బారావు గారి బృందం దాన్ని తయారుచేసింది. 1947 చివర్లో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త కేన్సర్ పిల్లలకు వాడి చూశారు. 16 మందిలో 10 మందికి, కొన్నాళ్ళపాటే అయినా, గుణం కనిపించింది. ఇంతవరకూ మా ఊళ్ళో చాలామంది గర్వంగానే చెబుతారు. ఫార్బర్ గారి పనికి డబ్బెక్కడిదంటే మాత్రం నోరు మెదపరు. అందులో పెద్ద వాటా బేస్‌బాల్ ఆటగాళ్ళ పుణ్యం.

ముందుగా చెయ్యందించింది సినిమా హాళ్ళ వాళ్ళు. వెరైటీ క్లబ్ అని వాళ్ళకో సంఘం ఉండేది. అందులోని బిల్ కోస్టర్ ఫార్బర్‌తో కలిసి, విరాళాల పిలుపుకు ముఖంగా ఓ పిల్లవాణ్ణి ఎంచారు. ఆ అబ్బాయికి పన్నెండేళ్ళు, పేగుల్లో కేన్సర్. మెయిన్ రాష్ట్రం ఉత్తర కొసన న్యూ స్వీడన్ అనే పల్లెటూరు, రైతు కుటుంబం. అసలు పేరు ఐనార్ గుస్తాఫ్‌సన్. ఆ పేరు బయటపడకుండా జిమ్మీ అన్నారు.

1948 మే 22 రాత్రి. రేడియో వ్యాఖ్యాత రాల్ఫ్ ఎడ్వర్డ్స్ హాలీవుడ్ నుంచి జిమ్మీతో మాట్లాడుతున్నాడు, జిమ్మీ ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. తన మాటలు దేశమంతా వింటోందని పిల్లవాడికి తెలీదు. ఈరోజుల్లో అయితే దీనికి ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. బోస్టన్ బ్రేవ్స్ బేస్‌బాల్ జట్టులో క్యాచర్ ఎవరని అడిగితే జిమ్మీ ఫిల్ మాసీ అన్నాడు. మాసీ తలుపు తీసుకుని లోపలికొచ్చాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు: జానీ సెయిన్, వారెన్ స్పాన్, ఎడ్డీ స్టాంకీ, బాబ్ ఇలియట్. బ్యాట్లు, బంతులు, జట్టు దుస్తులు తెచ్చారు. చివర్లో అంతా కలిసి పాట పాడారు.

మ్యాచ్‌లు చూసుకోవడానికి జిమ్మీకి టీవీ కావాలి. ఫార్బర్ పనికి శ్రోతల విరాళాలు 20,000 డాలర్లు పోగైతే కొనిస్తామన్నారు. ఆ ఏడాది వచ్చింది 2,31,000 డాలర్ల పైమాటే. టీవీ వచ్చింది. సుబ్బారావు గారు ఆ ఏడాది ఆగస్టులోనే, 53 ఏళ్ళకే పోయారు.

1953లో బ్రేవ్స్ జట్టు మిల్వాకీకి తరలిపోయింది. జిమ్మీ పేరున మొదలైన ఆ విరాళాల నిధి, జిమ్మీ ఫండ్, అక్కడితో ఆగిపోవాల్సింది. ఆ బాధ్యతను బోస్టన్‌లోనే ఉన్న మరో జట్టు రెడ్ సాక్స్ యజమాని టామ్ యాకీ తీసుకున్నాడు. ఆ జట్టు హీరో టెడ్ విలియమ్స్ పత్రికల వాళ్ళంటే మండిపడే మనిషి. పిల్లల పడకల దగ్గరికి మాత్రం వెళ్ళి కూర్చునేవాడు. షరతు ఒకటే: విలేకరులూ కెమెరాలూ ఉండకూడదు. 1960లో అతని తమ్ముడు డానీ రక్త కేన్సర్‌తోనే చనిపోయాడు. రేడియో రాత్రి గొప్పదే, డబ్బు తెచ్చింది. నాకు మాత్రం ఈ పేచీకోరు మనిషి చేసిన పనే పెద్దదనిపిస్తుంది.

ఫార్బర్ గారికి మందొక్కటే వైద్యం కాదు. పిల్లవాడి తిండి, మనసు, అమ్మానాన్నల దిగులు, వాళ్ళ ఖర్చుల గొడవ, అన్నీ ఒకే చోట చూడాలన్నది ఆయన పట్టు. 1952లో కట్టిన జిమ్మీ ఫండ్ భవనం ఆ పట్టుకు నీడనిచ్చింది. నేటి డానా ఫార్బర్ సంస్థ దాని కొనసాగింపే. రెడ్ సాక్స్ ఆటగాళ్ళు ఇప్పటికీ అక్కడి పిల్లల్ని చూసివస్తుంటారు.

జిమ్మీ చనిపోయాడనే చాలామంది అనుకున్నారు. అతను లారీ నడుపుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ బతికే ఉన్నాడు. రేడియో రాత్రికి యాభై ఏళ్ళు నిండిన 1998లో బయటికొచ్చాడు. 2001లో, 65 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

మన క్రికెటర్లకూ, కబడ్డీ కుర్రాళ్ళకూ ఒక మనవి. మీ ఊరి ఆసుపత్రిలో కేన్సర్ పిల్లల వార్డు ఉంటే, డాక్టర్లనూ అమ్మానాన్నలనూ అడిగి ఓ సాయంత్రం వెళ్ళండి. ఫోటోలు తీసేవాణ్ణి గేటు బయటే ఆపేయండి.