ప్రయోగశాల గొట్టం నుంచి నదీజలం దాకా

శరీరంలోని గ్రంథులు రక్తంలోకి వదిలే హార్మోన్లు అతిస్వల్ప మోతాదులోనే ఎదుగుదలను, సంతానోత్పత్తిని నియంత్రిస్తాయి. వాటిని అనుకరించి గానీ అడ్డగించి గానీ ఈ వ్యవస్థను తారుమారు చేసే బయటి పదార్థాలను హార్మోన్ విఘాతక రసాయనాలంటారు. వీటిలో ఒకటైన బిస్ఫినాల్-ఎకు స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజెన్ వంటి ప్రభావం ఉందని లండన్‌లో చార్లెస్ డాడ్స్ బృందం 1936లోనే గుర్తించింది. అంతకన్నా ఎంతో శక్తిమంతమైన డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ 1938లో వెలువడడంతో బిస్ఫినాల్-ఎ ఔషధంగా అక్కరకు రాలేదు. అయినా 1950లలో పాలీకార్బొనేట్ అనే పారదర్శకమైన గట్టి ప్లాస్టిక్‌కు అదే ముడిసరుకైంది. వైద్యశాస్త్రంలో నమోదైన గుణం కొత్త పరిశ్రమకు అభ్యంతరంగా తోచలేదు.

ప్లాస్టిక్ మీద అనుమానం ప్రయోగశాలల్లోనే, అదీ అనుకోకుండా మొదలైంది. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో ఆనా సోటో, కార్లోస్ సోనెన్‌షైన్‌లు 1980ల చివర, ఈస్ట్రోజెన్ తగిలితేనే వృద్ధిచెందే రొమ్ము క్యాన్సర్ కణాలను పెంచుతుండగా, బొగ్గుతో ఆ హార్మోన్‌ను తొలగించిన రక్తరసంలో కూడా కణాలు పెరగసాగాయి. వాడిన వస్తువులను ఒక్కొక్కటిగా పరీక్షించగా, రసాన్ని నిల్వచేసిన పాలీస్టైరీన్ గొట్టాల నుంచి ఈస్ట్రోజెన్‌లా పనిచేసే నోనైల్‌ఫినాల్ అనే రసాయనం దిగుతోందని తేలి, ఆ ఫలితం 1991లో ప్రచురితమైంది. స్టాన్‌ఫర్డ్‌లో ఈస్ట్ తయారుచేస్తోందనుకున్న ఈస్ట్రోజెన్ వంటి పదార్థం, ఆవిరి వేడిలో శుద్ధిచేసిన పాలీకార్బొనేట్ ఫ్లాస్కుల నుంచి నీటిలో కలిసిన బిస్ఫినాల్-ఎ అని 1993లో వెల్లడైంది.

నోనైల్‌ఫినాల్ కొన్ని డిటర్జెంట్లు విచ్ఛిన్నమైనప్పుడు కూడా పుడుతుంది. ఇంగ్లండ్‌లో అలాంటి డిటర్జెంట్లతో ఉన్నిని కడిగే మిల్లుల మురుగు చేరే ఎయిర్ నదిలో 1990లలో బోనుల్లో ఉంచిన మగ ట్రౌట్ చేపల రక్తంలో, ఆడచేపలు గుడ్ల కోసం తయారుచేసే విటెల్లోజెనిన్ అనే ప్రొటీన్ పెరగడమే కాక, వృషణాల ఎదుగుదల కూడా మందగించింది. ఇతర నదుల్లో మనుషుల నుంచి మురుగులోకి చేరే హార్మోన్లే ఎక్కువ కారణమైనా, ఎయిర్‌లో మాత్రం పారిశ్రామిక రసాయనం పాత్ర స్పష్టమైంది.

ఐరోపా సమాఖ్య నోనైల్‌ఫినాల్ వాడకాన్ని 2003లో కట్టడి చేసి, 2011లో పాలసీసాల్లోనూ, 2024 చివర చేసిన నిబంధనలో ఆహారాన్ని తాకే చాలా వస్తువుల్లోనూ బిస్ఫినాల్-ఎను నిషేధించింది. అయితే రసీదు కాగితం వంటి వాటిలో దాని స్థానాన్ని ఆక్రమించిన బిస్ఫినాల్-ఎస్‌కు కూడా ఈస్ట్రోజెన్ గుణం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. కాబట్టి ఒక్కో రసాయనాన్ని పేరు పెట్టి నిషేధించే విధానం, సరుకు బజారుకు రాకముందే దాని హార్మోన్ గుణాన్ని పరీక్షించే విధానానికి సాటిరాదు.